స్టెరాయిడ్‌కు లొంగని వాపు: పోడోసిన్ అనే కిడ్నీ ప్రొటీన్ లోపించిన రెండున్నరేళ్ల పాప కేసు

రెండున్నరేళ్ల పాప. రెండు వారాలుగా పొద్దున లేచేసరికి కళ్లు ఉబ్బి ఉంటున్నాయి. సాయంత్రానికి కళ్లు తేటపడి పాదాలు పొంగుతున్నాయి. అలర్జీ అనుకుని వారం రోజులు సెటిరిజిన్ సిరప్ వేశారు, తగ్గలేదు. పొట్ట ఉబ్బి, మూత్రం బాగా తగ్గాక పిల్లల కిడ్నీ విభాగానికి తెచ్చారు. జ్వరం, దద్దుర్లు, కీళ్ల నొప్పులు లేవు. మూత్రంలో ఎరుపు లేదు, నురగ మాత్రం ఉంది. తల్లిదండ్రులు దూరపు బంధువులు. ఇంట్లో ఇంకెవరికీ కిడ్నీ జబ్బు లేదు.

ఈ కేసులోని కొలతలు ఏ ఒక్క రోగివీ కావు. ఇలాంటి పిల్లల్లో జబ్బు నడిచే తీరును చూపడానికి కూర్చినవి. మందుల మోతాదులు, లెక్కలు, జీవశాస్త్రం మాత్రం వాడుకలో ఉన్నవే.

బరువు 13.6 కిలోలు. వాపు రాకముందు టీకా కార్డులో రాసిన బరువు 12 కిలోలు. ఎత్తు 88 సెంటీమీటర్లు, బీపీ 92/54. ఆల్బుమిన్ డెసిలీటరుకు 1.6 గ్రాములు, కొలెస్ట్రాల్ 412 మిల్లీగ్రాములు, క్రియాటినిన్ 0.3 మిల్లీగ్రాములు. పొద్దుటి మొదటి మూత్రంలో ప్రొటీన్ 640, క్రియాటినిన్ 80, అంటే నిష్పత్తి 8. ఈ నిష్పత్తి 0.2 లోపుంటే మామూలు, 2 దాటితే నెఫ్రోటిక్ స్థాయి, అంటే మూత్రంలో ప్రొటీన్ విపరీతంగా పోయి ఒళ్లు వాచే స్థితి. రక్తంలోని సీ3 అనే రోగనిరోధక ప్రొటీన్ మామూలుగానే ఉంది. హెపటైటిస్ పరీక్షలు నెగెటివ్.

వాపుతో వచ్చిన పసిపిల్లల్లో మొదటి రోజే చూడాల్సినవి మరికొన్ని ఉన్నాయి. హడావిడిలో చాలాసార్లు వదిలేస్తారు. కంటిపాపలు మరీ సన్నగా, వెలుతురుకు కదలకుండా ఉన్నాయా? జననాంగాల్లో తేడా ఉందా? గోళ్లు, మోకాలి చిప్పలు సరిగా ఉన్నాయా? వినికిడి, నడక, మాట వయసుకు తగ్గట్టు ఉన్నాయా? లామినిన్ బీటా2, డబ్ల్యూటీ1, ఎల్‌ఎంఎక్స్1బీ జన్యువుల లోపాలు, కోఎంజైమ్ క్యూ10 తయారీలో లోపాలు ఇలాంటి గుర్తులతోనే బయటపడతాయి. ఈ పాపలో ఇవేవీ కనిపించలేదు.

మొదటి నాలుగు వారాలు

ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మోతాదు దగ్గర చిన్నపిల్లల్లో తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. కిలోకు 2 మిల్లీగ్రాముల చొప్పున లెక్కిస్తే ఈ పాపకు రోజుకు 24 మిల్లీగ్రాములు. శరీర ఉపరితలం ప్రకారం చదరపు మీటరుకు 60 మిల్లీగ్రాముల చొప్పున అయితే ఎత్తు 88, వాపు లేని బరువు 12 మీద ఉపరితలం 0.54 చదరపు మీటర్లు, మోతాదు 32 మిల్లీగ్రాములు. రెండింటికీ నాలుగో వంతు తేడా. తక్కువ మోతాదులో నాలుగు వారాలు గడిపి ‘స్టెరాయిడ్‌కు లొంగలేదు’ అని ముద్ర వేస్తే ఆ ముద్ర చెల్లదు. వాపుతో ఉన్న బరువు మీద లెక్కిస్తే ఇంకోవైపు తప్పుతుంది. ఇక్కడ 32 మిల్లీగ్రాములు రోజుకు ఒకేసారి, పొద్దున, తిండి తర్వాత ఇచ్చారు. వాంతి అయిన రోజులు, మందు మానిన రోజులు ఉంటే డైరీలో రాయమన్నారు.

ఇంట్లో డిప్‌స్టిక్ చూడటం నేర్పడానికి పది నిమిషాలు చాలు. కానీ ఆ పది నిమిషాలు ఇవ్వాల్సిందే. పొద్దుటి మూత్రంలో స్ట్రిప్ ముంచి, అంచుకు గీకి చుక్కలు రాల్చి, సరిగ్గా 60 సెకన్లకు చూడాలి. పసుపు అలాగే ఉంటే ప్రొటీన్ లేదు. లేత ఆకుపచ్చకు తిరిగితే ఉంది. ముదిరి నీలం కలిసిన ఆకుపచ్చ అయితే 3+ లేదా 4+. రెండు నిమిషాలు ఆగి చూస్తే రంగు ముదిరి మోసం చేస్తుంది. డబ్బా మూత తీసి వదిలేస్తే స్ట్రిప్‌లు తేమకు పాడైపోతాయి. వరుసగా మూడు రోజులు నెగెటివ్ లేదా లేశమాత్రం వస్తేనే జబ్బు తగ్గినట్టు లెక్క.

నెఫ్రోటిక్ సిండ్రోమ్ వచ్చిన పిల్లల్లో 80 నుంచి 90 శాతం మందికి స్టెరాయిడ్‌తో తగ్గుతుంది, అందులోనూ ఎక్కువమందికి నాలుగు వారాల లోపే. ఈ పాప డైరీలో 28 రోజులూ 4+ అనే ఉంది. నిష్పత్తి 6.4. ముఖం గుండ్రమైంది, ఆకలి పెరిగింది, అంటే మందు ఒంటికి పట్టింది. కిడ్నీ మాత్రం పలకలేదు.

ఇక్కడి నుంచి ఆరో వారం దాకా నిర్ధారణ సమయం. ప్రెడ్నిసొలోన్ ఆపకుండా, మిథైల్ ప్రెడ్నిసొలోన్ చదరపు మీటరుకు 500 చొప్పున 270 మిల్లీగ్రాములు మూడు మోతాదులుగా సిరలోకి ఇచ్చారు. కిడ్నీలో ఒత్తిడి తగ్గించే ఎనలాప్రిల్ కిలోకు 0.1 చొప్పున 1.2 మిల్లీగ్రాములతో మొదలుపెట్టారు. ఆరో వారం చివర నిష్పత్తి 5.1, ఆల్బుమిన్ 1.8. స్టెరాయిడ్‌కు లొంగని నెఫ్రోటిక్ సిండ్రోమ్ అని అప్పుడు రాశారు. బయాప్సీకి, జన్యు పరీక్షకు ఒకే రోజు పంపారు. ఒకటి వచ్చాక ఇంకొకటి అని ఆగలేదు. ఈ కేసులో జరిగిన మంచి నిర్ణయం ఇదే.

ఆ గోడ ఎలా నిలుస్తుంది

ఇక్కడ కొంచెంసేపు మందుల సంగతి పక్కనపెట్టాలి. స్టెరాయిడ్ ఎందుకు పనిచేయలేదో తెలియాలంటే వడపోత గోడ ఏ బలంతో నిలబడుతుందో చూడాలి.

పెద్దవారి కిడ్నీలు రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడగడతాయి. లీటరు ప్లాస్మాలో 40 గ్రాముల ఆల్బుమిన్ ఉంటుంది. అంటే ఆ 180 లీటర్ల వెంట ఏడు కిలోలకు పైగా ఆల్బుమిన్ ఈ గోడ ముందుకు వస్తుంది. మూత్రంలో కనిపించేది రోజుకు 30 మిల్లీగ్రాముల లోపు. అదీ సుమారు 50 మిల్లీమీటర్ల పాదరస ఒత్తిడి కింద, క్షణం ఆగకుండా.

గోడకు మూడు పొరలు. రక్తం వైపు నాళపు లోపలి కణాల పొర ఎండోథీలియం, అందులో 60 నుంచి 100 నానోమీటర్ల రంధ్రాలు. ఆల్బుమిన్ అడ్డుకొలత ఏడు నానోమీటర్లే కాబట్టి రంధ్రాల పరిమాణం దానికి అడ్డు కాదు. ఆ రంధ్రాలను కప్పే చక్కెర-ప్రొటీన్ల పూత కొంత ఆపుతుంది. మధ్యలో బేస్‌మెంట్ మెంబ్రేన్, పెద్దవారిలో 300 నుంచి 350 నానోమీటర్ల మందం. టైప్ 4 కొల్లాజెన్, లామినిన్-521, అగ్రిన్ అల్లుకున్న జిగురులాంటి పొర ఇది. మూత్రం వైపు పోడోసైట్లు.

పోడోసైట్ ఆకారం చూస్తే దాని పని సగం అర్థమవుతుంది. కణం నడుము గాలిలో వేలాడినట్టు మూత్రపు ఖాళీలో ఉంటుంది. దాని నుంచి లావు కొమ్మలు, కొమ్మల నుంచి సన్నని పాదాలు వచ్చి రక్తనాళాన్ని పట్టుకుంటాయి. ఒక కణం పాదాలు పక్క కణం పాదాల మధ్య దూరి ఉంటాయి, రెండు చేతుల వేళ్లను ఒకదానిలో ఒకటి గుచ్చి పట్టుకున్నట్టు. ఆ వేళ్ల సందు 30 నుంచి 40 నానోమీటర్లు. సందుకు అడ్డంగా పరిచిన పల్చని తెర పేరు స్లిట్ డయాఫ్రమ్.

చాలాకాలం దీన్ని జల్లెడ అనుకున్నారు. ఆ పోలికతో ఆగిపోతే ఈ జబ్బు అర్థం కాదు. జల్లెడ తనంతట తాను కన్నాల కొలత మార్చుకోదు. స్లిట్ డయాఫ్రమ్ మాత్రం కణం లోపలికి నిరంతరం కబురు పంపుతుంది. ఆ కబురు అందినంతకాలం కణానికి అస్థిపంజరంలాంటి లోపలి యాక్టిన్ పోగులు పాదాలను నిలబెడతాయి. తెగితే పాదాలు చదునై పక్కపక్కనే పరుచుకుపోతాయి, సందులు తగ్గిపోతాయి. సందులు తగ్గితే ప్రొటీన్ కారడం తగ్గాలి కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. జరిగేది దానికి విరుద్ధం. దీనికి బలంగా కనిపించే వివరణ ఇది: పాదాలు బిగువుగా పట్టుకుని ఉంటేనే కింది బేస్‌మెంట్ మెంబ్రేన్ అదిమి ఉంచినట్టు గట్టిగా ఉంటుంది. పట్టు సడలితే ఆ జిగురు పొర వదులై ఆల్బుమిన్ దూరిపోతుంది.

నెఫ్రిన్ తోక దగ్గర

స్లిట్ డయాఫ్రమ్‌కు వెన్నెముక నెఫ్రిన్. దాని జన్యువు ఎన్‌పీహెచ్‌ఎస్1 ను 1998లో గుర్తించారు. ఫిన్లాండ్‌లో పుట్టుకతోనే నెఫ్రోటిక్ సిండ్రోమ్‌తో పుట్టే పిల్లల కుటుంబాల నుంచి దొరికింది. 1,241 అమైనో ఆమ్లాల ఈ ప్రొటీన్‌కు బయట పొడవాటి చేయి ఉంది. ఎదుటి పాదం నుంచి వచ్చిన నెఫ్రిన్‌ను, నెఫ్1 అనే మరో ప్రొటీన్‌ను అది పట్టుకుంటుంది. కణం లోపల పొట్టి తోక. ఈ కేసుకు ఆయువుపట్టు ఆ తోకలో ఉంది.

తోకలో టైరోసిన్ అనే అమైనో ఆమ్లాలు కొన్ని ఉన్నాయి. మానవ నెఫ్రిన్‌లో 1176, 1193, 1217 స్థానాలవి ముఖ్యమైనవి. ఫిన్ అనే కైనేజ్ వాటి మీద ఫాస్ఫేట్‌ను అతికిస్తుంది. ఫాస్ఫేట్ పడిన టైరోసిన్‌ను ఎన్‌సీకే అనే అడాప్టర్ ప్రొటీన్ గుర్తుపట్టి వచ్చి కూర్చుంటుంది. ఎన్‌సీకే ఒక చివరతో నెఫ్రిన్‌ను పట్టుకుని, ఇంకో వైపు ఎన్-వాస్ప్‌ను లాక్కొస్తుంది. అది ఆర్ప్2/3 ను మేల్కొలుపుతుంది. అక్కడి నుంచి కొత్త యాక్టిన్ పోగు మొలుస్తుంది. అంటే పాదం ఎక్కడ ఉండాలో, ఎంత గట్టిగా ఉండాలో ఆ ఫాస్ఫేట్ చెబుతున్నట్టే. 2006లో ఈ గొలుసును రెండు బృందాలు విడివిడిగా చూపించాయి. పోడోసైట్లలో ఎన్‌సీకే రెండు రకాలనూ తీసేసిన ఎలుకలకు పాదాలు సరిగా ఏర్పడలేదు, మూత్రంలో ప్రొటీన్ పోయింది. వాటి నెఫ్రిన్ జన్యువు చెక్కుచెదరలేదు. తెర ఉండటం ఒక్కటే చాలదని, తెర నుంచి కబురు వెళ్లాలని ఈ ప్రయోగం తేల్చింది.

అదే తోక దగ్గరికి పీఐ3 కైనేజ్ కూడా వస్తుంది, సీడీ2ఏపీ తోడుగా. అది ఏకేటీని ప్రేరేపిస్తుంది, ఏకేటీ కణాన్ని చావకుండా కాపాడుతుంది. పోడోసైట్ మళ్లీ విభజన చెందదు కాబట్టి ఈ రెండో కబురును తక్కువ చేసి చూడకూడదు. ఒకటి రాలిపోతే ఆ ఖాళీని పక్క కణాలు సాగి కప్పాలి. ఎలుకల మీద ప్రయోగాల్లో, కిడ్నీలో రక్తాన్ని వడగట్టే సన్నని నాళాల ఉండ అయిన ఒక గ్లోమెరులస్‌లో 20 శాతానికి మించి పోడోసైట్లు పోయినప్పుడు అతుకులు, మచ్చలు మొదలయ్యాయి. 40 శాతం దాటాక గ్లోమెరులస్ గట్టిపడిపోయింది.

ఇక పోడోసిన్. జన్యువు ఎన్‌పీహెచ్‌ఎస్2, గుర్తించింది 2000లో. 383 అమైనో ఆమ్లాలు. హెయిర్‌పిన్‌లా వంగి పొర లోపలి వైపు గుచ్చుకుని, రెండు కొసలూ కణం లోపలే ఉంచుకుంటుంది. కణపు పొరలో కొలెస్ట్రాల్ చిక్కగా ఉండే చోట్లను లిపిడ్ రాఫ్ట్‌లు, అంటే కొవ్వు తెప్పలు, అంటారు. నెఫ్రిన్‌ను ఆ తెప్పల మీదకు చేర్చి నిలిపేది పోడోసిన్. ఫిన్ కైనేజ్ ఉండేదీ అక్కడే. నెఫ్రిన్ తెప్ప ఎక్కకపోతే ఫిన్ దగ్గరికి చేరదు, ఫాస్ఫేట్ సరిగా పడదు, కబురు నీరసిస్తుంది. అంటే నెఫ్రిన్‌లో ఏ లోపం లేకున్నా, పోడోసిన్ లోపిస్తే నెఫ్రిన్ మూగబోతుంది. పొర సాగినప్పుడు తెరుచుకునే టీఆర్‌పీసీ6 కాల్షియం ద్వారాన్ని అదుపులో పెట్టడంలోనూ పోడోసిన్‌కు చేయి ఉంది. ఈ సంగతి సైక్లోస్పోరిన్ దగ్గర మళ్లీ వస్తుంది.

బయాప్సీ ఏం చెప్పింది, ఏం చెప్పలేకపోయింది

అల్ట్రాసౌండ్ చూస్తూ, 18 గేజ్ సూదితో రెండు ముక్కలు. కణజాలాన్ని పంచేటప్పుడు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుకు ముందు తీసి గ్లుటరాల్డిహైడ్‌లో వేయాలి. యాంటీబాడీల నిక్షేపాలు చూసే ఇమ్యునోఫ్లోరెసెన్స్‌కు ఫార్మలిన్ తగలని ముక్క కావాలి. మిగిలింది ఫార్మలిన్‌కు. అన్నీ ఫార్మలిన్‌లో వేసేశాక గుర్తొస్తే చేయగలిగేది పెద్దగా ఉండదు.

22 గ్లోమెరులస్‌లు దొరికాయి. మూడింటిలో ఒక్కో మూల మాత్రమే మచ్చ కట్టింది, అంటే ఎఫ్‌ఎస్‌జీఎస్ రకం. ఎన్ని దొరికాయన్నది చిన్న విషయం కాదు. పదింట ఒక గ్లోమెరులస్‌కే మచ్చ ఉన్న కిడ్నీలో, పది గ్లోమెరులస్‌ల ముక్క చూస్తే మచ్చ అసలు కంటపడకపోయే అవకాశం 35 శాతం. ఇరవై చూస్తే 12 శాతానికి తగ్గుతుంది. మామూలు మైక్రోస్కోపులో మార్పేమీ కనిపించని ‘మినిమల్ చేంజ్’ అని వచ్చిన రిపోర్టులో గ్లోమెరులస్‌లు ఆరో ఏడో ఉంటే ఆ మాటను అంతవరకే నమ్మాలి. ఇమ్యునోఫ్లోరెసెన్స్‌లో చెప్పుకోదగ్గ నిక్షేపాలు లేవు.

ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద మామూలు గోడ దువ్వెన పళ్లలా కనిపిస్తుంది: బూడిద రంగు పట్టీలాంటి బేస్‌మెంట్ మెంబ్రేన్, దాని మీద వరుసగా చిన్న చిన్న పాదాలు, ప్రతి రెండింటి నడుమ సన్నని సందు, సందుకు అడ్డంగా వెంట్రుకంత గీత. ఈ పాప చిత్రంలో పళ్లు లేవు. పట్టీ మీద మైనం కరిగి పారినట్టు పోడోసైట్ ఒకే పరుపుగా పరుచుకుంది. అక్కడక్కడ మిగిలిన సందుల్లో గీత కనిపించలేదు. పట్టీ మందం వయసుకు తగ్గట్టే ఉంది.

ఇదే చిత్రం స్టెరాయిడ్‌కు పదో రోజుకే లొంగే పిల్లల్లో కూడా కనిపిస్తుంది. మచ్చలు తప్ప పాదాలు చదునవడంలో పెద్ద తేడా ఉండదు. ఆ పిల్లల్లో చాలామందికి కారణం బయటి నుంచి వస్తుంది. నెఫ్రిన్ బయటి చేతికి అతుక్కునే యాంటీబాడీలను 2022లో మినిమల్ చేంజ్ రోగుల్లో చూపించారు. 2024లో వచ్చిన పెద్ద అధ్యయనంలో, జబ్బు ముదిరి ఉండి ఇమ్యూన్ మందులింకా వాడని పిల్లల్లో 90 శాతం మందికి ఆ యాంటీబాడీలు ఉన్నాయి. యాంటీబాడీ అతుక్కుంటే నెఫ్రిన్ స్థానం తప్పుతుంది, కబురు చెదురుతుంది, పాదాలు చదునవుతాయి. స్టెరాయిడ్ యాంటీబాడీని తగ్గిస్తే నెఫ్రిన్ మళ్లీ చోటుకొస్తుంది, పాదాలు లేస్తాయి. అందుకే ఆ పిల్లలు రెండు వారాల్లో వాపు పోయి ఆడుకుంటుంటారు.

చదునైన పాదం ఒక పర్యవసానం మాత్రమే. గొలుసులో ఏ కొక్కెం తెగిందో బయాప్సీ చూపదు. చికిత్స నడవాల్సింది మాత్రం ఆ కొక్కేన్ని బట్టే.

జన్యు ఫలితం

ఈడీటీఏ ట్యూబులో 2 మిల్లీలీటర్ల రక్తం తీసి పోడోసైట్ జన్యువుల ప్యానెల్‌కు పంపారు. 25 ఏళ్ల లోపు మొదలై స్టెరాయిడ్‌కు లొంగని కేసుల్లో రమారమి 30 శాతం మందిలో ఒకే జన్యువు కారణంగా తేలుతుంది. వయసు తగ్గేకొద్దీ ఆ వాటా పెరుగుతుంది. మూడు నెలల లోపు పసికందుల్లోనైతే ఎక్కువమందికి జన్యు కారణమే ఉంటుంది.

ఎనిమిది వారాలకు వచ్చిన రిపోర్టు: ఎన్‌పీహెచ్‌ఎస్2 లో 138వ స్థానంలో ఆర్జినిన్ బదులు గ్లుటమిన్, రెండు ప్రతుల్లోనూ. తల్లిలో ఒకటి, తండ్రిలో ఒకటి ఉన్నట్టు విడిగా పరీక్షించి ఖాయం చేశారు. ఈ ఖాయం చేసే పని తప్పనిసరి. ఒక ప్రతి మొత్తం ఎగిరిపోయి ఇంకో ప్రతిలో మార్పు ఉన్నా, పరీక్షలో రెండింటిలో ఉన్నట్టే కనిపిస్తుంది. తల్లిదండ్రులను చూస్తే ఆ చిక్కు విడిపోతుంది.

ఇలాంటి రిపోర్టుల్లో ఆర్229క్యూ అనే మార్పు కనిపిస్తే జాగ్రత్త. అది జనాభాలో తరచుగానే ఉండే మార్పు. ఒంటరిగా గానీ, రెండు ప్రతుల్లో గానీ ఉంటే అది జబ్బు తేదు. ఇంకో ప్రతిలో జన్యువు చివరి భాగమైన 7, 8 ఎక్సాన్లలో కొన్ని నిర్దిష్ట మార్పులు ఉంటేనే హాని చేస్తుందని 2014లో తేలింది. అప్పుడు ఆ ఇంకో ప్రతి ప్రొటీన్ దీనితో జతకట్టి దీన్నీ చెడగొడుతుంది. ‘ఎన్‌పీహెచ్‌ఎస్2 లో మార్పు ఉంది’ అన్న ఒక్క మాటతో స్టెరాయిడ్ ఆపేసిన పిల్లకు ఆ మార్పు ఇదే అయితే అన్యాయం జరిగినట్టే.

138వ ఆర్జినిన్ పోతే జరిగేది ఇది. పోడోసిన్ తయారవుతుంది కానీ మడత సరిగా పడదు. కణంలో ప్రొటీన్ల నాణ్యత చూసే ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్ దాన్ని పట్టి అక్కడే ఆపేస్తుంది. పొర దాకా రానివ్వదు. పొరలో పోడోసిన్ లేదు కాబట్టి నెఫ్రిన్ తెప్ప ఎక్కదు, ఫిన్ ఫాస్ఫేట్ వేయదు, ఎన్‌సీకే రాదు, యాక్టిన్ చెదురుతుంది. ఇందులో యాంటీబాడీ ఎక్కడా లేదు. స్టెరాయిడ్ తగ్గించడానికి ఇక్కడ ఏమీ లేదు. కణాల కల్చర్‌లో ప్రొటీన్ మడతకు తోడ్పడే రసాయనాలతో ఈ పోడోసిన్‌ను కొంతవరకు పొరకు చేర్చగలిగారు. పిల్లలకు ఇవ్వదగ్గ మందుగా అది ఇంకా మారలేదు.

సైక్లోస్పోరిన్ వేసిన ఆ ఎనిమిది వారాలు

జన్యు ఫలితం కోసం ఎదురుచూస్తూ ఉత్తచేతులతో కూర్చోవడం కష్టం. మార్గదర్శకాల ప్రకారం కూడా కాల్సిన్యూరిన్ నిరోధకం మొదలుపెట్టవచ్చు. అలాంటి మందే సైక్లోస్పోరిన్, కిలోకు 5 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు 60, రెండు పూటలా 30. మందు వేసుకునే ముందు తీసిన రక్తంలో స్థాయి మిల్లీలీటరుకు 96 నానోగ్రాములు. కావాల్సింది 80 నుంచి 120. ప్రెడ్నిసొలోన్‌ను రోజు విడిచి రోజుకు మార్చి తగ్గిస్తూ వచ్చారు.

ఎనిమిది వారాల్లో నిష్పత్తి 5.1 నుంచి 2.9కి దిగింది. ఆల్బుమిన్ 2.3కి ఎక్కింది. వాపు సగం పోయింది. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ‘ఇమ్యూన్ జబ్బే, మందు పడుతోంది, కొనసాగిద్దాం’ అనిపించే ఘట్టం ఇది. సరిగ్గా ఇక్కడే దారి తప్పుతారు.

సైక్లోస్పోరిన్ టీ కణాలను అణచడమొక్కటే చేయదు, పోడోసైట్ మీద నేరుగా పనిచేస్తుంది. యాక్టిన్‌ను కట్టి ఉంచే సినాప్టోపోడిన్ అనే ప్రొటీన్ ఫాస్ఫేట్‌తో ఉన్నంతసేపు 14-3-3 ప్రొటీన్ దాన్ని కాపాడుతుంది. కాల్సిన్యూరిన్ ఆ ఫాస్ఫేట్‌ను ఊడదీస్తే 14-3-3 వదిలేస్తుంది, ప్రొటీన్లను కోసే కాథెప్సిన్-ఎల్ వచ్చి సినాప్టోపోడిన్‌ను నరికేస్తుంది. టీఆర్‌పీసీ6 గుండా ఎక్కువ కాల్షియం వచ్చిన కణంలో కాల్సిన్యూరిన్ చురుకెక్కుతుంది. సైక్లోస్పోరిన్ ఆ కాల్సిన్యూరిన్‌ను ఆపితే సినాప్టోపోడిన్ నిలుస్తుంది, పాదం కొంత నిలదొక్కుకుంటుంది. 2008లో చూపించిన సంగతి ఇది. దీనికి తోడు సైక్లోస్పోరిన్ గ్లోమెరులస్‌లోకి రక్తం తెచ్చే నాళాన్ని బిగిస్తుంది, ఒత్తిడి తగ్గి ప్రొటీన్ కారడమూ తగ్గుతుంది. పోడోసిన్ లోపం ఉన్న పిల్లలో నిష్పత్తి పాక్షికంగా తగ్గిందంటే కారణం ఇమ్యూన్ అని అర్థం కాదు.

ఆ బిగింపుకు చెల్లించిన మూల్యం క్రియాటినిన్‌లో కనిపించింది: 0.3 నుంచి 0.45కి. చూడటానికి చిన్న అంకె. ఎత్తును 0.413తో గుణించి క్రియాటినిన్‌తో భాగిస్తే వడపోత రేటు 121 నుంచి 81కి పడింది. ఎనలాప్రిల్ కూడా తోడవడం వల్ల ఇంకాస్త తగ్గి ఉంటుంది. చిన్నపిల్లల్లో క్రియాటినిన్‌ను పెద్దవారి అంకెలతో పోల్చి ‘నార్మల్’ అని పక్కన పెట్టకూడదనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఉండదు.

ఫలితం చేతికొచ్చాక సైక్లోస్పోరిన్ ఆపారు. ప్రెడ్నిసొలోన్‌ను ఒక్కసారిగా కాకుండా నాలుగు వారాల్లో దింపి ఆపారు, అడ్రినల్ గ్రంథి అణగి ఉంటుంది కాబట్టి. ఆపిన ఆరు వారాలకు క్రియాటినిన్ 0.35.

ఇప్పుడు నడుస్తున్నది

ఇమ్యూన్ మందు లేదు. ఎనలాప్రిల్‌ను రెండు వారాలకోసారి పొటాషియం, క్రియాటినిన్ చూస్తూ కిలోకు 0.4 మిల్లీగ్రాముల వరకు పెంచారు. ఇది గ్లోమెరులస్ నుంచి బయటికి వెళ్లే నాళాన్ని వదులు చేసి లోపలి ఒత్తిడిని దించుతుంది. యాంజియోటెన్సిన్ అనే హార్మోన్ వల్ల పోడోసైట్‌లోకి కాల్షియం వచ్చే దారిని కూడా ఈ మందు తగ్గిస్తుంది. తెగిన కొక్కేన్ని అతికించదు, దాని మీద పడే బరువును తగ్గిస్తుంది. ఇంట్లోవాళ్లకు ఒక నియమం రాసిచ్చారు: విరేచనాలు, వాంతులు పట్టుకున్న రోజు ఎనలాప్రిల్ ఆపాలి, తిండి నీరు మామూలుగా తీసుకునే దాకా మళ్లీ వేయకూడదు. ఒళ్లు ఎండిపోయిన పిల్లకు ఈ మందు వేస్తే రెండు రోజుల్లో కిడ్నీ మొరాయిస్తుంది.

వాపు పెరిగినప్పుడు ముందు చూడాల్సింది రక్తనాళాల్లో నీరు తగ్గి ఉందా అని. చేతులు చల్లగా, నాడి వేగంగా, మూత్రంలో సోడియం బాగా తక్కువగా ఉంటే మూత్రం పెంచే మందు ఫ్యూరోసెమైడ్‌ను ఒట్టిగా ఇవ్వడం ప్రమాదం. అప్పుడు 20 శాతం ఆల్బుమిన్ కిలోకు అర గ్రాము నుంచి ఒక గ్రాము, నాలుగు గంటల పాటు నెమ్మదిగా ఎక్కించి, తర్వాత ఫ్యూరోసెమైడ్ కిలోకు 1 మిల్లీగ్రాము. ఒళ్లు వెచ్చగా, బీపీ ఎక్కువగా ఉన్న పిల్లకు ఆల్బుమిన్ ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరవచ్చు. ఆమెకు ఉప్పు తగ్గించి ఫ్యూరోసెమైడ్ ఒక్కటే చాలు.

మూత్రంలో పోయేది ఆల్బుమిన్ ఒక్కటే కాదు. థైరాయిడ్ హార్మోన్‌ను మోసే ప్రొటీన్ పోతుంది. ఈ పాపలో టీఎస్‌హెచ్ 14కి వెళ్లింది, లెవోథైరాక్సిన్ మొదలుపెట్టారు. విటమిన్ డీని మోసే ప్రొటీన్ పోతుంది. యాంటీథ్రాంబిన్ పోతుంది, రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది. అందుకే ఆల్బుమిన్ 2 లోపున్న రోజుల్లో తొడ సిరలో సూది గుచ్చకూడదు. ఇమ్యునోగ్లోబులిన్లు పోతాయి. కడుపునొప్పితో జ్వరం వస్తే న్యూమోకాకస్ పెరిటోనైటిస్ అనుకునే వైద్యం మొదలుపెట్టాలి. న్యూమోకాకల్ టీకా పూర్తి చేశారు. ప్రాణమున్న టీకాలను స్టెరాయిడ్ ఆపి వ్యవధి గడిచాకే ఇచ్చారు.

ఏడాదిన్నర తర్వాత నిష్పత్తి 2.2, ఆల్బుమిన్ 2.7, క్రియాటినిన్ 0.45, ఎత్తు 98. వడపోత రేటు 90. వాపు అప్పుడప్పుడు కాళ్లలో మాత్రమే. స్టెరాయిడ్ ఆగాక ఎత్తు మళ్లీ అందుకుంది.

కుటుంబంతో చెప్పాల్సినవి

తల్లిదండ్రులు అడిగే మొదటి ప్రశ్న ‘మా తప్పా?’ అని. కాదు. ఇద్దరిలో ఒక్కో ప్రతి ఉంది, ఆ ఒక్క ప్రతి వాళ్లకు ఏ ఇబ్బందీ చేయలేదు, ముందుగా తెలిసే దారీ లేదు. ఈ మాట తొందరపడకుండా, కూర్చుని చెప్పాలి. తర్వాత పుట్టే ప్రతి బిడ్డకూ ఈ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. ఇప్పటికే ఉన్న తోబుట్టువులకు ముందు డిప్‌స్టిక్, అవసరమైతే జన్యు పరీక్ష.

ఎక్కువమందిలో బాల్యం దాటేలోపో, యౌవనం తొలినాళ్లలోనో కిడ్నీ చేతులెత్తేస్తుంది. మార్పిడి అవసరమవుతుంది. ఇక్కడ చెప్పదగ్గ మంచి కబురు ఉంది. రక్తంలో తిరిగే కారకం వల్ల వచ్చే ఎఫ్‌ఎస్‌జీఎస్‌లో కొత్త కిడ్నీ పెట్టిన కొద్ది రోజులకే జబ్బు తిరగబెట్టవచ్చు. రెండు ప్రతుల్లోనూ పోడోసిన్ లోపం ఉన్నవారిలో ఆ ముప్పు బాగా తక్కువ. కొత్త కిడ్నీలోని పోడోసైట్లు తమ పోడోసిన్ తామే చేసుకుంటాయి, వాటిని దెబ్బతీసేది రక్తంలో ఏమీ లేదు.

తల్లి గానీ తండ్రి గానీ కిడ్నీ ఇస్తామంటే వాళ్లు ఒక ప్రతి మోస్తున్నవారు కాబట్టి మామూలు దాత పరీక్షలతో సరిపెట్టకూడదు. మూడు విడి రోజుల పొద్దుటి మూత్రంలో ఆల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి చూడాలి. ఎన్‌పీహెచ్‌ఎస్2 మొత్తం చదివి రెండో ప్రతి శుభ్రంగా ఉందో లేదో చూడాలి. బీపీని 24 గంటల పాటు కొలవాలి. ఈ పాప తండ్రి మొదటి నమూనాలో ఆల్బుమిన్ నిష్పత్తి గ్రాముకు 9 మిల్లీగ్రాములు వచ్చింది. 30 లోపు కాబట్టి మామూలే. మిగతా రెండు నమూనాలు, జన్యువు మొత్తం చదవడం మార్పిడి ఆలోచన దగ్గరపడ్డాక చేయాలని ఫైలు మొదటి పేజీలో రాసి ఉంచారు.